వేడికో తలుపు

సెడూనా దాటిన రెండో రోజు, నండ్రూ దగ్గర
మోటర్‌హోమ్ పక్క అర తెరిస్తే
పొయ్యి మూత తీసినట్టు మొహాన కొట్టింది సెగ.
లోపల చీకట్లో మా చిన్న ఫ్రీజర్
గుక్క తిప్పుకోకుండా మూలుగుతోంది.

థర్మామీటర్ అరలో పెట్టి, తలుపేసి,
ఇరవై నిమిషాలు స్టూలు మీద కూర్చున్నాడు డెన్‌జిల్.
యాభై ఎనిమిది.
జ్వరం చూసిన నర్సులా
ఆ అంకెని రెండుసార్లు చదివాడు.

"చలిని ఎవరూ తయారు చెయ్యరు, వెర్నా,
ఉన్న వేడిని ఎత్తి బయట పోస్తారు, అంతే."
పోర్ట్ లింకన్ చేపల గోదాముల్లో
ముప్ఫై ఏళ్లు కంప్రెసర్ల మధ్య చెవులు పోగొట్టుకున్న మనిషి.
"పోసిన వేడికి దారి లేకపోతే
అప్పులవాడిలా తిరిగొచ్చి
మన గుమ్మంలోనే కూర్చుంటుంది."

కన్నాలు పెడతానంటే నేను ఒప్పుకోలేదు.
వాయిదాలు ఇంకా తీరని బండి.
మాట్లాడకుండా టేపు అంటించి
తెల్లటి గోడ మీద పెన్సిల్‌తో రెండు సున్నాలు గీశాడు.
కిందది గాలి రావడానికి,
పైది వేడి పోవడానికి.
రెండు రోజులు ఆ సున్నాలు
నేను ఎటు వెళ్తే అటు చూశాయి.

మూడో రోజు ఐస్‌క్రీమ్ గంజి అయింది.
వైటింగ్ ముక్కలు మెత్తబడి
వాసన మొదలెట్టాయి.
కొయ్యి, అన్నాను.

గుండ్రటి రంపం తిరుగుతుంటే కళ్లు మూసుకున్నాను.
నా కాన్వాస్ బూట్ల మీద
ఫైబర్ పొడి పిండిలా రాలింది.
కోసిన బిళ్లని దోసిట్లో పట్టి అందించాడు,
ఇంకా వెచ్చగా ఉంది.
పారేయబుద్ధి కాలేదు.
ఇప్పుడు దాని మీదే టీ కప్పు పెట్టుకుంటాను.

పాత కంప్యూటర్ లోంచి పీకిన ఫ్యాను,
చీమలకి అడ్డంగా సన్నటి జాలీ,
వానకి రెక్కల మూత,
ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు.
ఫ్యాను తిరిగింది. డెన్‌జిల్ ఈల వేశాడు.

యూక్లా చేరాక చూస్తే
అరవై ఒకటి.

గ్యాసు పోయిందేమో అన్నాడు.
వయసైపోయిందేమో అన్నాడు,
దానికో తనకో చెప్పలేదు.
నేను టిష్యూ కాగితం ఒకటి చింపి
పై కన్నం ముందు పట్టాను.
ఎగిరిపోవాల్సిన కాగితం
జాలీకి అతుక్కుపోయింది, పాలు తాగే పిల్లలా.

మూడొందల పైచిలుకు కిలోమీటర్లు
నల్లార్బర్ ఎండనంతా పోగుచేసి
ఫ్రీజర్ మొహాన ఊదుతూ వచ్చాం.

డెన్‌జిల్ కాగితం వైపు చూశాడు.
నా వైపు చూడలేదు.
స్క్రూడ్రైవర్ తెచ్చాడు. నేను టార్చి పట్టాను.
నాలుగు స్క్రూలు తీసి, ఫ్యాను తిరగేసి,
మూడే బిగించాడు. నాలుగోది ఇసుకలో పడింది,
ఇంకా అక్కడే ఉండి ఉంటుంది.
"పోర్ట్ లింకన్‌లో ఎవరికీ చెప్పకు," అన్నాడు.
మర్నాడు రేడియోలో పలకరించిన
మొదటి లారీ డ్రైవరుకే చెప్పేశాను.

ఆ రాత్రి ఎప్పుడో ఇద్దరికీ మెలకువొచ్చింది.
ఏ చప్పుడూ లేదు.
చచ్చిపోయిందా, అన్నాను.
"కాదు," చీకట్లో అతని గొంతు,
"చల్లబడి, పడుకుంది."
వారం రోజుల్లో మొదటిసారి.
కాసేపు ఆ నిశ్శబ్దాన్నే వింటూ ఉండిపోయాం.

తెల్లవారుజామున ఎడారి చలి ఎముకల్లోకి దిగుతుంటే
శాలువా కప్పుకుని అటు వెళ్లాను.
ఫ్రీజర్ మళ్లీ లేచి పని చేస్తోంది.
పై కన్నం లోంచి వెచ్చటి ఊపిరి చేతులకి తగిలింది.
కింద మట్టిలో, సరిగ్గా ఆ గాలి పడేచోట
తల ఏదో తోక ఏదో తెలియని
లావుపాటి బల్లి ఒకటి
పొలుసులు పరుచుకుని పడుకుంది.
మా చేపల్లోంచి, మా ఐస్‌క్రీమ్ లోంచి
తోడి పారేసిన వేడి దాని వీపు మీద.

డెన్‌జిల్ తాళాలు తీసుకుని దిగాడు.
ఇంజిన్ ఇప్పుడే తియ్యకు, అన్నాను.
ఇంకో పది నిమిషాలు.